అంగిట్లో తీపు

ఎర్రమ్మ నోట్లో నీళ్ళసంచి అమర్చి, దానికి స్కానింగు ప్రోబ్ ఆనించి, నూకరత్నం తెర వైపు చూసింది. మూడు నెలల కిందట అంగిలి నడుమ రేగుపండంత ఉన్న గడ్డ ఇప్పుడు బఠానీగింజంత అయి కూర్చుంది. నమ్మకం కుదరక రెండోసారి కొలిచింది. అంతే వచ్చింది. లేచి గంతెయ్యాలనిపించింది కానీ చేతిలో ప్రోబ్ కదిలితే మొదటికే మోసం. అందుకని పళ్ళు బిగబట్టుకుని సంతోషపడింది.

"కదలకు పెద్దమ్మా. ఇంక పదకొండు నిమిషాలే" అంది.

ఎర్రమ్మ కళ్ళతోనే సరేనంది. నోరు తెరిచి మాట్లాడే వీలుంటే ఆ పదకొండు నిమిషాల్లో ఊరి కబుర్లన్నీ చెప్పేసేది. తల్లి పోయిన నూకరత్నాన్ని పదేళ్ళ వయసు నుంచి పెంచింది ఈ పెద్దమ్మే. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి, ఆ పిల్లని స్కానింగు చదువు దాకా తీసుకొచ్చింది. ఇవాళ ఆ పిల్ల చేతి కిందే తను నోరు తెరుచుకుని పడుకుంది.

మందు గంట కిందటే నరంలోకి ఎక్కింది. చూడ్డానికి సున్నం కలిపిన నీళ్ళలా ఉంటుంది. అందులో ఉన్నవి నలుసులు. వెంట్రుకని నిలువునా వెయ్యి పాయలు చేస్తే అందులో ఒక పాయంత కూడా ఉండవు. ఒంట్లో తిరుగుతున్నంతసేపూ వాటికీ ఇసుకరేణువుకీ తేడా లేదు, ఎవరి జోలికీ పోవు. చెవికందని ధ్వని తగిలిందా, ఎక్కడున్నది అక్కడే చిటుక్కుమని రగిలి, తాము కూర్చున్న కణాన్ని మాడ్చేస్తాయి. క్యాన్సర్ కణాలకి చక్కెర అంటే చచ్చేంత ఆశ కనుక డాక్టర్ హైమవతి నలుసులకి చక్కెర పూత పూసింది. గడ్డ ఆ పూత చూసి నలుసుల్ని ఎగబడి మింగుతుంది. తర్వాత నూకరత్నం మీట నొక్కుతుంది. కత్తి లేదు, కుట్టు లేదు, జుట్టు రాలడం లేదు.

హైమవతి పన్నెండేళ్ళు కష్టపడి చేసిన మందు అది. విశాఖకి అవతల సముద్రానికి ఎదురుగా కట్టిన పరిశోధన కేంద్రంలో, మొదటిసారిగా మనుషుల మీద పరీక్షిస్తున్నారు. ఆ మనుషులు నెత్తళ్ళపాలెం, దాని చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు, ముప్ఫై ఎనిమిది మంది. అందరూ అడ్డపొగ తాగినవాళ్ళే. చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకోవడం చూస్తే బయటివాళ్ళు నోరెళ్ళబెడతారు. సముద్రపు గాలికి చుట్ట ఆరకుండా, రెండు చేతులూ చేపల మీద ఆడుతుండగా పొగ పీల్చాలంటే ఆ ఆడవాళ్ళకి తెలిసిన ఉపాయం అదొక్కటే. నలభై ఏళ్ళు ఆ నిప్పుకి కాలిన అంగిలి పుండవుతుంది, పుండు గడ్డవుతుంది.

పదకొండు నిమిషాలూ అయ్యాయి. నీళ్ళసంచి తియ్యగానే ఎర్రమ్మ నోరు తుడుచుకుని, "అయిపోనాదా? మరి ఆ మాటలపెట్టి కాడికెల్లాల" అని లేచింది.

మాటలపెట్టె అంటే అద్దాల గదిలో బల్ల మీద ఉండే టాబ్. అది తెలుగులో అడుగుతుంది, చెప్పింది విని ఇంగ్లీషులో తనే రాసుకుంటుంది. ఆ గదిలోకి నూకరత్నం అడుగు పెట్టకూడదు. "మీ ఊరివాళ్ళు కదండీ, మీరు పక్కనుంటే మీ మొహం చూసి జవాబు చెబుతారు. డేటా పాడైపోతుంది" అని డేటా చూసే కౌశిక్ మొదటిరోజే చెప్పేశాడు. అతనిది హైదరాబాదు. మర్యాదస్తుడు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు.

డేటాలో పాడైనదేమీ లేదు మరి. మొదటి రెండు విడతలయ్యేసరికి ముప్ఫై ఎనిమిది మందిలో ఇరవై తొమ్మిది మంది నోరు తియ్యగా ఉంటోందని చెప్పినట్టు టాబ్ రాసింది. హైమవతి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పూత కరిగి చక్కెర నాలుకకి తగులుతోందంటే నలుసులు కరిగి ఒంట్లోంచి బయటికి పోతున్నట్టే కదా! దాని మీద ఒక వ్యాసం అచ్చయింది. మూడేసి వారాలకి ఒకసారి ఇవ్వాల్సిన విడతని వారానికి ఒకసారికి మార్చారు. కేంద్రంలో అందరూ దాన్ని మిఠాయి మందు అని ముద్దుగా పిలుచుకున్నారు. నూకరత్నం కూడా పిలిచింది. ఆ మాట తర్వాత ఆమెకి ఎన్నిసార్లు గుర్తొచ్చిందో, అన్నిసార్లూ తన నాలుకని కొరుక్కోవాలనిపించింది.

గురువారం సెలవు పెట్టుకుని పెద్దమ్మని చూడ్డానికి నెత్తళ్ళపాలెం వెళ్ళింది. బఠానీగింజ సంగతి కేంద్రంలో రోగులకి చెప్పకూడదు, ఇంట్లో చెప్పుకోకుండా ఉండలేదు. వెళ్ళేసరికి పొయ్యి మీద వంజరం చేపల పులుసు ఉడుకుతోంది. ఎర్రమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని చల్లటి గంజి గుక్కలు గుక్కలుగా తాగుతోంది. ప్రతి గుక్కకీ ఎడమ కన్ను మూతపడుతోంది.

"ఏటి పెద్దమ్మా, పులుసొండుకుని గంజి తాగుతన్నావు?"

"పులుసు నీకోసరమే గుంటా. నాను నమల్లేను. అంగుట్లో ఒకటే తీపులు."

నూకరత్నం చెప్పులు విప్పుతున్నదల్లా ఆగిపోయింది.

"ఏటన్నావు?"

"తీపులే. పైనున్న ఎముక పట్టి లాగీసినట్టుంతాది. రెండు రాత్రులై కన్ను మూతపడితే ఒట్టు."

నూకరత్నానికి ఆ మాట కొత్తదా? కాళ్ళ తీపులు, ఒంటి తీపులు, పంటి తీపు అని వింటూనే పెరిగింది. ఎముకలోంచి పుట్టి నరం పట్టుకుని లాగే నొప్పిని ఆ ఊళ్ళో ఇంకో పేరుతో ఎవరూ పిలవరు. చార్టులో మాత్రం ఆమె ఇంగ్లీషు ముక్కే చదివింది. స్వీట్ టేస్ట్. దాని వెనక ఏ తెలుగు మాట ఉందో అడగాలని ఆమెకి ఒక్కసారీ తోచలేదు.

"ఈ సంగతి మాటలపెట్టెకి సెప్పినావా?"

"సెప్పకేటి! మొదట్నించీ సెప్తన్నాను. తీపమ్మా, తీపమ్మా అని. ఇంటాది, సంతోసం అంతాది, పంపీస్తాది."

"నొప్పుందా అని అడగదా అది?"

ఎర్రమ్మ అంత బాధలోనూ నవ్వింది. "అడుగుతాది. 'మీకు నొప్పులు వచ్చినాయా?' అంతాది. అరవయ్యొకటో ఏట నాకు నొప్పులేటే! నానేటి నీళ్ళోసుకున్నానా? అందరం పడీపడీ నవ్వినాం. రానేదమ్మా, ఇంక రావు అని సెప్పినాం."

నూకరత్నానికి నవ్వు రాలేదు. అటునుంచి అటే ఊళ్ళో ఏడిళ్ళు తిరిగింది. ఏడిళ్ళలోనూ అదే మాట. పక్కింటి పోలమ్మయితే పైపళ్ళు రెండు కదుపుతుంటే కదులుతున్నాయని చూపించింది. చిగురు నల్లబడి ఉంది. "మందు కదమ్మా, పనిచేత్తన్నాదేమోనని ఊరుకున్నాను" అంది పోలమ్మ. ఆ మాటకి నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. చదువుకున్నవాళ్ళ మీద వీళ్ళకి ఎంత నమ్మకం! ఆ చదువుకున్నవాళ్ళలో తనూ ఒకత్తె.

శుక్రవారం పొద్దున్నే కౌశిక్ ముందు కూర్చుంది. అంతా విని అతను నవ్వు కొంచెం తగ్గించాడు.

"తీపు అంటే స్వీటే కదండీ. నిఘంటువులో మొదటి అర్థం అదే."

"రెండో అర్థం కూడా ఉంటుంది కదా. అది చూశారా?"

"సిస్టమ్‌ని స్టాండర్డ్ తెలుగుతో తయారుచేశారండీ. మాండలికాలన్నీ పెట్టాలంటే అయ్యే పని కాదు."

"వాళ్ళ గొంతులుంటాయి కదా, ఒకసారి వినిపించండి. స్వీటో కాదో మీకే తెలుస్తుంది."

"రాసుకోగానే గొంతు చెరిపేస్తుంది. వాళ్ళ ప్రైవసీ కోసమే."

బాధ చెప్పుకున్న గొంతుని చెరిపేసి, దాని చోట మిఠాయి రాసిపెట్టి, అదంతా వాళ్ళ మేలుకే అంటున్నాడు. పైగా అతని గొంతులో వెటకారం కూడా లేదు. నిజంగానే అనుకుంటున్నాడు. ఒళ్ళు మండడానికి అంతకన్నా ఏం కావాలి!

డాక్టర్ హైమవతి తోసిపుచ్చలేదు. కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది, ఓపిగ్గా వింది. "నువ్వు కంగారుపడుతున్నావు రత్నం. అంత గడ్డ కరిగితే ఆ మాత్రం పుండు నొప్పి ఉండదా?" అంది.

"పుండు నొప్పి పైన ఉంటుంది మేడమ్. వీళ్ళు ఎముకలో అంటున్నారు. నలుసులు పోవడం లేదేమో. అంగిలి ఎముకలో దిగి ఉండిపోతున్నాయేమో. మనం వారం వారం ధ్వని పెట్టినప్పుడల్లా గడ్డతోపాటు ఎముకా కాలుతోందేమో."

"ఏమో, ఏమో అంటే సైన్సు కాదమ్మా."

"తీపు అంటే తియ్యదనమని రాసుకోవడం సైన్సా మేడమ్?"

హైమవతి మొహం ఎర్రబడింది. సోమవారం అనుమతి సంఘం వాళ్ళు వస్తున్నారని, అప్పటిదాకా ఇలాంటి మాటలు గది దాటకూడదని చెప్పి పంపేసింది.

శనివారం యంత్రాలు సరిచూసే రోజు, రోగులెవరూ రారు. నూకరత్నం పెద్దమ్మని ఆటోలో తీసుకొచ్చి పడుకోబెట్టింది. అడిగితే ఒప్పుకోరని తెలిసి అడగలేదు. నలుసులు రగలకుండా ఉత్తినే చూడ్డానికి ధ్వనిని బాగా తగ్గించి, నీళ్ళసంచి ఆనించి, గడ్డని వదిలేసి ఈసారి దాని పైనున్న ఎముకని చూసింది. ఇన్నాళ్ళూ కొలవమన్నది గడ్డనే కనుక గడ్డనే కొలిచింది.

ఎముక తెర మీద ఒకే తెల్లటి గీతలా కనబడాలి. అది పురుగు కొట్టిన చెక్కలా ఉంది. తొర్రల నిండా సన్నటి తళుకులు. నలుసులు. ఎక్కడికీ పోలేదు, హాయిగా కాపురం పెట్టుకుని ఉన్నాయి.

"ఎవరు పెట్టమన్నారు ఇది?" అన్న గొంతు విని తిరిగి చూసేసరికి వెనక హైమవతి నిలబడి ఉంది. కానీ ఆవిడ చూపు నూకరత్నం మీద లేదు. తెర మీద ఉంది. దగ్గరికొచ్చి ప్రోబ్ తనే పట్టుకుని అటూ ఇటూ జరిపి చూసింది.

నూకరత్నం ఎర్రమ్మని బయట కూర్చోబెట్టి వచ్చాక హైమవతి మెల్లగా అంది. "మూడు వారాలాగితే ఎముకలోవి కరిగిపోతాయి. మొదట అనుకున్నది అదే."

"అయితే ఆపుదాం మేడమ్. సోమవారం విడత ఆపేద్దాం. మూడు వారాలకొకటి ఇద్దాం. గడ్డా పోతుంది, ఎముకా దక్కుతుంది."

"సోమవారం ఆపితే ఎందుకాపారని అడుగుతారు. చెబితే మొత్తం కొట్టేస్తారు. మళ్ళీ అనుమతి రావడానికి ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళలో ఇలాంటి పుండ్లతో ఎంతమంది పోతారో నీకు తెలుసా? మిగిలిన రెండు విడతలూ గడవనీ. ఎముక పోయినచోట ప్లేటు పెట్టించవచ్చు. ప్రాణం కన్నా అంగిలి ఎక్కువా?"

"ఆ ప్రాణం, ఆ అంగిలీ ఒకే మనిషివి మేడమ్. ఆవిడని అడగరా?"

"అడిగితే ఏం చెబుతుంది? ఆవిడకేం తెలుస్తుంది?"

"ఆవిడకి మొదటి వారమే తెలిసింది. మీకే ఇవాళ తెలిసింది."

హైమవతి చెడ్డ మనిషి కాదని నూకరత్నానికి తెలుసు, అదే ఇంకా కోపం తెప్పించింది. సోమవారం తను ప్రోబ్ పట్టుకోనని నూకరత్నం చెప్పింది. ఇంకో టెక్నీషియన్‌ని పిలిపిస్తానంది హైమవతి.

తిరుగు ప్రయాణంలో, ఆటో చప్పుడుకి అరిచి అరిచి, పెద్దమ్మకి అంతా చెప్పింది. మాటలపెట్టె తీపుని తియ్యదనమని రాసుకుందని, నలుసులు ఎముకలో ఉన్నాయని, మళ్ళీ ధ్వని పెడితే అంగిలి పోతుందని, సోమవారం వెళ్ళొద్దని. ఎర్రమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వింది.

"ఎల్లకపోతే ఏటి రాసుకుంతారు?"

"మానేసిందని రాసుకుంటారు."

"అలగైతే ఎల్తాను" అంది ఎర్రమ్మ.

సోమవారం కేంద్రమంతా పూలతో ఘుమఘుమలాడుతోంది. అనుమతి సంఘం నుంచి ముగ్గురొచ్చారు. వాళ్ళకి చూపించడానికి ముప్ఫై ఎనిమిది మందినీ పిలిపించి బయట వరసగా కూర్చోబెట్టారు. ఆ ముగ్గురికీ తెలుగు రాదు. పెద్దాయన తెల్లజుట్టు మనిషి, ప్రతి కాగితం తిప్పి తిప్పి చూస్తున్నాడు. హైమవతి గోడ మీద పెద్ద తెర వేసి గడ్డల కొలతలు చూపించింది. ఆ కొలతలు నిజమైనవే, గర్వపడదగ్గవే. తర్వాత ఇరవై తొమ్మిది మంది నోటి తియ్యదనం గురించి చెప్పింది. ఆ ముక్క దగ్గర ఆవిడ గొంతు ఒక్క క్షణం ఆగింది, అయినా ఆవిడ చెప్పేసింది. వెనక వరసలో నిలబడ్డ నూకరత్నం పిడికిళ్ళు బిగించింది. ఆ క్షణం దాకా, ఆవిడ నిజం చెబుతుందని ఆమెకి ఎక్కడో చిన్న ఆశ ఉండేది.

పెద్దాయన ఒక రోగిని చూడాలన్నాడు. బయట వరసలో ముందున్న ఎర్రమ్మని లోపలికి పిలిచారు. పొద్దున వచ్చినప్పటి నుంచీ ఆమె గొంతు ముక్కుతో మాట్లాడినట్టు వస్తోంది. ఏమైందని నూకరత్నం అడిగితే పడిశమంది. ఇప్పుడు బల్ల ముందు కుర్చీలో గంప దించి కూర్చున్నంత తీరిగ్గా కూర్చుంది. కౌశిక్ ఉత్సాహంగా టాబ్ తెచ్చి ముందు పెట్టి, దాని రాతలు గోడ మీది తెరపై కనబడేలా కలిపాడు.

"చికిత్స తరువాత మీకు ఎలా అనిపిస్తున్నదో దయచేసి తెలుపండి" అంది టాబ్.

ఎర్రమ్మ బల్ల మీదున్న గాజుగ్లాసు తీసుకుని, అందరివైపూ ఒకసారి చూసి, ఒక గుక్క నీళ్ళు తాగింది. నీళ్ళు గొంతులోకి పోలేదు. ముక్కు రెండు రంధ్రాల్లోంచీ ధారగా కారి, పెదవుల మీంచి, గడ్డం మీంచి, వచ్చేటప్పుడు కట్టుకున్న ఇస్త్రీ చీర మీద పడ్డాయి. నీళ్ళతోపాటు సన్నటి ఎర్రజీర.

నూకరత్నానికి అర్థమైపోయింది. పడిశం కాదు. అంగిలికి చిల్లు పడిపోయింది. తను బెంగపెట్టుకుంటుందని పెద్దమ్మ చెప్పకుండా దాచింది.

ఎర్రమ్మ మొహం తుడుచుకోలేదు. టాబ్ మీదికి వంగి, ముక్కుతో, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది. "తీపమ్మా. బరించలేని తీపు. పేనం పోతన్నాది తీపుతోటి."

టాబ్ ఒక్క క్షణం ఆలోచించింది. గోడ మీద అక్షరాలు పడ్డాయి. వెరీ స్వీట్. ఆ వెంటనే అది మర్యాదగా, "చాలా సంతోషం. మీ సహకారానికి ధన్యవాదాలు" అంది.

పెద్దాయన ఆ అక్షరాల వైపు చూశాడు, ముక్కులోంచి ఇంకా కారుతున్న నీళ్ళ వైపు చూశాడు. తర్వాత చేతిలో ఉన్న నివేదిక వెనక్కి తిప్పి తియ్యదనం లెక్కలున్న పట్టిక దగ్గర వేలు పెట్టి, హైమవతిని అడిగాడు. "ఈ ఇరవై తొమ్మిది మందీ ఇలాగేనా?"

"అందరూ" అంది హైమవతి.

"మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"శనివారం నుంచి."

పెద్దాయన నివేదిక మూసేశాడు. పరీక్ష ఈ పూటతో ఆగిపోయినట్టేనని ఇంగ్లీషులో చెప్పాడు. ఆయనేమన్నాడని ఎర్రమ్మ అడిగింది. నూకరత్నం ముందుకొచ్చి చెప్పింది. ఈసారి ఆమెని ఆ టాబ్ దగ్గరికి రావద్దనడానికి ఎవరికీ నోరు లేకపోయింది.

"ఆపీమని నానెప్పుడన్నాను?" ఎర్రమ్మ గొంతు పెరిగింది. ముక్కులోంచి వస్తున్నందుకు మరీ బొంగురుగా ఉంది. "మందు మంచిదే. గడ్డ కరిగింది, నాకు తెల్దా? మిగిలినోలికి ఎముక పోకుండా ఇయ్యండి. మూడు వారాలకోపాలి ఇస్తే సాలంతన్నాది మా గుంట. మాం వారం వారం తీపమ్మా, తీపమ్మా అని మొత్తుకుంటే మీరేటి సేసినారు? పండగ సేసుకున్నారు. మా మాట మీకు తెలకపోతే, ఏటే అది అని ఒక్క మనిసి నా ఎదర కూకొని అడగొచ్చు కదా. సెప్పీద్దును కదా!"

నూకరత్నం ప్రతి ముక్కా ఇంగ్లీషులో చెప్పింది. ఒక్కటీ మెత్తబరచలేదు, ఒక్కటీ తగ్గించలేదు. చెబుతుంటే ఆమెకే కళ్ళు మండాయి. పెద్దాయన తలెత్తకుండా తన చేత్తోనే రాసుకున్నాడు. హైమవతి గోడకి ఆనుకుని నిలబడింది.

గోడ మీద ఆ రెండు మాటలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. అది చూసి కౌశిక్ గబగబా వచ్చి టాబ్ ఆర్పబోయాడు. నూకరత్నం అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వండి" అంది. "బయట ఇంకా ముప్ఫై ఏడు మంది ఉన్నారు. వాళ్ళు చెప్పిందాన్ని మీరేం రాసుకున్నారో వాళ్ళని కూడా చూడనివ్వండి. నేను చదివి చెబుతాను."

అతని చెయ్యి వదిలిపెట్టి, వెళ్ళి తలుపు బార్లా తెరిచింది.